మోగని రాయి

మా బాబాయి రాయిని తట్టి చూస్తాడు. కొనే ముందు తడతాడు, కోసే ముందు తడతాడు, కోసిన తరువాత కూడా ఒకసారి తడతాడు. మధ్యవేలు మడిచి, కణుపుతో రెండు దెబ్బలు వేసి, చెవి పలక దగ్గర పెడతాడు. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో చీలిక దాక్కుని ఉన్నట్టు, దాన్ని పక్కన పడేస్తాడు. వంటింటి గట్లకు గ్రానైట్ కోయడంలో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. ఆ కణుపు మీద కాయ కాసింది.

"నన్ను చేసుకునే ముందు కూడా ఒకసారి తట్టి చూడాల్సింది. ఎంత మోగుతానో అప్పుడే తెలిసేది," అంటుంది పిన్ని.

నేను ఆయన దగ్గర కొలతలు రాసే పనిలో ఉన్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేశాను. నాకు నేర్పగలిగినవాళ్ళు ఆ కాలేజీలో లేరని ఇంట్లో చెప్పాను. పరీక్ష తప్పిన సంగతి చెప్పలేదు. అప్పటి నుంచి పాత కాగితాల కొట్లో పుస్తకాలు తూకానికి తెచ్చుకుని చదువుతున్నాను. అట్టలు ఊడిన తత్వశాస్త్రం, ఆఖరి పేజీలు చిరిగిన చరిత్ర, ఏది దొరికితే అది. అందువల్ల ప్రపంచంలోని చాలా విషయాల మొదలు నాకు తెలుసు. చివరికి ఏమైందన్నది మాత్రం తెలియదు. అయినా మాట్లాడటానికి మొదలు తెలిస్తే చాలు. నేను బాగానే మాట్లాడేవాణ్ణి.

చలికాలం మొదట్లో బాబాయికి దగ్గు పట్టుకుంది. మేమంతా మామూలు దగ్గే అనుకున్నాం. డాక్టరు ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"లోపల రాతిపొడి పేరుకుంది. ఈ ఏడాదిలోపు ఈ పని మానేయాలి."

"మానేసి ఏం చెయ్యమంటారు డాక్టరుగారూ?"

"ముందు ఊపిరి పీల్చడం చెయ్యండి. మిగతావి తరువాత."

బాబాయి ఇంటి దగ్గరికి వచ్చాక, "నాకు రాయి తప్ప ఇంకేం తెలుసురా?" అన్నాడు. నేను కష్టం గురించి ఎవరో మహానుభావుడు అన్న మాట ఒకటి చెప్పాను. నిజంగా చెప్పాను. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు కుంచించుకుపోతుంది.

మా వీధి చివర స్పీకర్లు అమ్మి, బాగుచేసే దుకాణం ఉంది. దాని యజమానిని అందరూ సౌండాయన అంటారు. ఆయన దగ్గర స్పీకరు పెట్టెలు చేసే వడ్రంగి మానేసి వెళ్ళిపోయాడు. బాబాయికి పాటల పిచ్చి. పనిలో కూడా పక్కన పాత రేడియో పాడుతూ ఉండాలి. ఆయన చేతిపని సంగతి వీధి మొత్తానికీ తెలుసు. "ఒక జత పెట్టెలు చేసి వినిపించు. బాగుంటే వెనక గది నీదే, రాయిని వదిలెయ్," అన్నాడు సౌండాయన.

బాబాయి చెక్కతోనే చేద్దామనుకున్నాడు. అడ్డుపడింది నేనే.

"చెక్కెందుకు బాబాయ్? రాయితో చెయ్. స్పీకరులో ఊగాల్సింది ఆ కాగితపు గరాటు ఒక్కటే. పెట్టె ఊగితే పాట పాడవుతుంది. పెట్టె ఎంత గట్టిగా, ఎంత బరువుగా ఉంటే అంత కదలదు. నేను చదివాను."

"ఎక్కడ చదివావు?"

"పుస్తకంలో."

ఆ మాట ముందు బాబాయి ఎప్పుడూ తల వంచుతాడు. ఆయనది నాలుగో తరగతి. అది తెలిసే ఆ మాట వాడేవాణ్ణి.

గట్టులో సింకు దిగడానికి కోసి తీసేసిన ముక్కలు మా షెడ్డు వెనక గుట్టగా ఉంటాయి. బాబాయి ఒక్కొక్కటీ తట్టి, అన్నిటికన్నా ఖంగున మోగే నల్లటి ముక్కలు ఏరాడు. మూడు వారాలు పట్టింది. నీళ్ళు పోస్తూ, మూతికి మాస్కు కట్టుకుని కోశాడు. రాతిపొడి నుంచి తప్పించాల్సిన మనిషి చేత ఇంకో మూడు వారాలు రాయి కోయించిన ఘనత నాది.

అంచులు ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, అతుకు ఎక్కడుందో గోటికి కూడా తగలకుండా కలిపాడు. వెనక పలక బిగించే ముందు పెట్టె లోపలికి చెయ్యి పెట్టి పాలిష్ చేస్తున్నాడు.

"లోపల ఎవరు చూస్తారు బాబాయ్?"

"నేను చూశానుగా."

గట్ల పనివాడికి నున్నగా లేని రాతి ముఖం అంటే చేయని పని కిందే లెక్క. లోపలి గోడల్లో మా ఇద్దరి మొహాలూ కనబడేదాకా ఆయన వదలలేదు. బాగుందన్నాను నేను.

ఒక్కో పెట్టెను మోయడానికి ఇద్దరు కావలసి వచ్చారు. సౌండాయన వాటి చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, "అబ్బ, ఏం పనితనమయ్యా!" అన్నాడు. నేను అప్పుడే కాలరెగరేశాను. ఆయన ఓ పాట పెట్టాడు. ఆడగొంతు, వెనక డప్పు.

డప్పు మీద దెబ్బ పడ్డ ప్రతిసారీ దాని వెనకాలే సన్నగా ఇంకో మోత వచ్చింది. గొంతు ఇనప బకెట్టులోంచి వస్తున్నట్టుంది. సౌండాయన పాట ఆపి వార్తలు పెట్టాడు. వార్తలు చదివేవాడు కూడా బకెట్టులో ఉన్నాడు.

"పాడాల్సింది పాడేవాళ్ళయ్యా. నీ పెట్టె కూడా పాడుతోంది," అన్నాడు సౌండాయన.

అప్పుడు నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు. "మీ చెవులు చెక్కకు అలవాటు పడ్డాయి. సిద్ధాంతం ప్రకారం ఇదే సరైన ధ్వని," అన్నాను.

"సిద్ధాంతాన్ని మీ ఇంట్లో పెట్టుకుని విను బాబూ. ఇవి నలభై ఏళ్ళ చెవులు."

బాబాయి ముందుకు వంగి పెట్టెను కణుపుతో తట్టాడు. ఖంగుమంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు వినగానే ఆయన మొహం విచ్చుకోవడమే చూశాను. ఆ రోజు పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంకో పది రోజులు చూస్తాను. తరువాత వేరే మనిషిని పెట్టుకుంటా. ఏమనుకోకు," అన్నాడు సౌండాయన.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. పెట్టెలు వెనక్కి రావడం చూసింది. "ఏం పండితా! ఆయన ఊపిరితిత్తులు ఇంకాస్త గట్టిపడ్డాయా?" అంది. నేను గదిలోకి వెళ్ళి, స్పీకర్ల సంగతి చదివిన ఆ పుస్తకం తెరిచాను.

నేను ఆపేసిన పేజీలో, గట్టిగా బరువుగా ఉండాలని రాసి ఉంది. పేజీ తిప్పాను. రెండో పేరాలో ఇలా ఉంది: గట్టి వస్తువు ఒక్కసారి కదిలిందంటే గంటలా మోగుతూనే ఉంటుంది, మోతను మింగే గుణం లేని పెట్టె ఎంత బరువున్నా దండగ, లోపలి గోడలు నున్నగా ఉంటే ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ పేజీ చిరిగిపోలేదు. పురుగులు తినలేదు. దాన్నిండా లెక్కలు ఉన్నాయని నేనే వదిలేశాను. పరీక్ష తప్పింది కూడా లెక్కల్లోనే.

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామని షెడ్డుకు వెళ్ళాను. దారంతా వాక్యాలు పేర్చుకున్నాను. వాటిలో తప్పు సగం పుస్తకానిదే అయ్యేట్టు.

బాబాయి అప్పటికే గుట్ట దగ్గర కూర్చుని ముక్కలు తడుతున్నాడు. ఖంగుమన్న ముక్కను పక్కకు విసురుతున్నాడు. విసరడం! అలా మోగే పలకల కోసం ఆయన ఒకప్పుడు సరుకు దింపేవాళ్ళతో కలబడేవాడు.

"ఆయనకు మోగే రాయి వద్దురా. మోగని రాయి కావాలి," అన్నాడు నన్ను చూసి.

"అదే, పుస్తకంలో..."

"చీలికున్న రాయి మోగదు. కానీ చీలికున్నదాంతో పెట్టె ఎలా చేస్తాం? విడిపోతుంది."

ఆయన చూపు గుట్ట వెనక మూలకు వెళ్ళింది. అక్కడ తెల్లటి ముక్కలు పడి ఉన్నాయి. ఖనిజం పొడిని యాక్రిలిక్ జిగురులో కలిపి పలకలుగా పోత పోస్తారు. పెద్ద దుకాణాలవాళ్ళు సాలిడ్ సర్ఫేస్ అంటారు, బాబాయి దొంగరాయి అంటాడు. గట్టు దొంగరాయితో కావాలన్నవాళ్ళతో ఆయన సరిగా మాట్లాడేవాడు కూడా కాదు. ఇప్పుడు లేచి వెళ్ళి ఓ ముక్కను తట్టాడు. టప్. ఇంకోటి తట్టాడు. టప్. దిండును తట్టినట్టు.

"ఇన్నాళ్ళూ ఇది రాయే కాదన్నాను. కాదు కూడా. అందుకే పనికొస్తుందేమో."

అప్పుడు చెప్పాను, పేజీ సంగతి మొత్తం. పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తురాలేదు. తిడతాడనుకున్నాను.

"ఆ లెక్కలు ఇప్పుడైనా వచ్చాయా?"

"రాలేదు."

"సరేలే. నేను వేలితో చూస్తా."

ఆ మధ్యాహ్నమే డాక్టరును అడిగి వచ్చాడు. గ్రానైటు పొడిలో ఉండే, ఊపిరితిత్తులను తినేసే గుణం దీనికి లేదట, అయినా మాస్కు మాత్రం తీయొద్దన్నాడట. దొంగరాయిని వడ్రంగి రంపమే కోస్తుంది. మోటారు అరుపు లేదు, బురదనీళ్ళు లేవు. రెండు పొరలు తీసుకుని, మధ్యలో రబ్బరులా సాగే జిగురు పూశాడు. అది పుస్తకంలో ఉందని నేనే చెప్పాను. తట్టి చూశాక గానీ బాబాయి నమ్మలేదు.

అసలు కష్టం లోపలి గోడల దగ్గర వచ్చింది. వాటిని గరుకుగానే వదలాలి. బాబాయి చెయ్యి మాటిమాటికీ పాలిష్ బిళ్ళ కోసం వెతికేది. "కొంచెం, అంచు వరకే," అనేవాడు. చివరకు పిన్ని బిళ్ళలన్నీ తీసుకుపోయి బీరువాలో చీరల కింద దాచి తాళం వేసింది.

"ఇంట్లో దొంగరాయి, బీరువాలో పాలిష్ బిళ్ళలు. కాపరమంటే ఇదీ!" అంటూ తన పాత కంబళి ఒకటి తెచ్చి ఇచ్చింది. లోపలి గోడలకు అదే అతికించాం.

పదో రోజున తీసుకెళ్ళాం. ఈసారి నేను వాకిట్లోనే నిలబడ్డాను. సౌండాయన ముందుగా వేలు మడిచి తట్టాడు. టప్. అదే పాట పెట్టాడు. డప్పు దెబ్బ పడింది, అక్కడితో ఆగింది. ఆడగొంతు రెండు పెట్టెల మధ్య ఖాళీలోంచి వస్తోంది, ఎవరో అక్కడ నిలబడి పాడుతున్నట్టు. పాట మొత్తం అయ్యేదాకా సౌండాయన కదల్లేదు. అయ్యాక సొరుగు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"వెనక గది. కాస్త దుమ్ము దులుపుకోవాలి."

బాబాయి నవ్వబోయి దగ్గాడు. "ఇంక దుమ్మంటే నా వల్ల కాదయ్యా."

"మీవాడున్నాడుగా, దులుపుతాడు. ఇంతకీ ఈ తెల్లరాయి ఆలోచన ఎవరిది?"

బాబాయి వాకిలి వైపు చూశాడు. "మావాడిదే. పుస్తకంలో చదివి చెప్పాడు."

సౌండాయన నన్ను చూసి తలూపాడు. పిన్ని వెక్కిరింతను తట్టుకున్నాను గానీ ఆ మాటను తట్టుకోవడం కష్టమైంది. చీపురు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాను.

నల్ల పెట్టెలు ఇప్పుడు మా గుమ్మానికి అటొకటి ఇటొకటి ఉన్నాయి. వాటిని ఇంకెక్కడికీ మోసే ఓపిక ఎవరికీ లేదు. సాయంత్రాలు నేను ఒకదాని మీద కూర్చుని చదువుతాను, ఆ లెక్కల పేజీనే. సగం వరకు వచ్చాను. దుకాణం నుంచి వస్తూ బాబాయి రెండో పెట్టెను కణుపుతో ఒకసారి తట్టి లోపలికి వెళతాడు. అది ఖంగుమంటుంది.

"మంచి రాయిరా," అంటాడు, చెప్పులు విడుస్తూ.

నేను తలెత్తను, అర్థమవుతున్నవాడిలా పేజీ తిప్పుతాను.