లేని గల్లీ

ఫలక్‌నుమాలో కరెంటు మీటర్ల రీడింగులు తీసే సుజన దగ్గర సబ్బుపెట్టెంత పాత జీపీఎస్ యంత్రం ఒకటి ఉంది. పగిలిన దాని మూతకు రబ్బరు బ్యాండు చుట్టి వాడుతుంది. డ్యూటీ అయ్యాక దాన్ని పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతుంది. మలుపు వచ్చిన చోటల్లా ఆగి, యంత్రం ఆ చోటు పట్టేదాకా పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టి మళ్లీ నడుస్తుంది. నడిచిన దారి దాని తెర మీద గీతలా పడితే, ఇంటికెళ్లి ఆన్‌లైన్ మ్యాపులో ఎక్కిస్తుంది. అదే ఆమె సరదా.

ఒకరోజు మురుగు కాలువల సర్వేకొచ్చిన ఇంజనీరు ఆమె ఉండే గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు.

"మా ఆఫీసు మ్యాపుల ఇక్కడ గల్లీయే లేదమ్మా. ఖాళీ జాగ. కాలువ రాదు."

"నేను నడిచి గీసిన గద సార్, నా మ్యాపుల చూడుండ్రి."

"నువ్వు గీస్తే గల్లీ అయితదా?"

సుజన యంత్రాన్ని అతని చేతిలో పెట్టింది. "అయితే మీరే నడిచి గీయుండ్రి. లేని గల్లీల ఎట్ల నడుస్తరో నేను గూడ చూస్త."

గుమ్మాల్లోకి జనం వచ్చారు. ఇంజనీరు ప్యాంటు పైకి మడిచి, మురుగునీళ్లలో నలభై ఇళ్లు దాటి చివరికి చేరాడు. తెర మీద గీత మెలికలు తిరిగి ఉంది.

"ఇది మీ గీత సార్. ఇప్పుడు లేదనుండ్రి," అంది వెనకే నడిచొచ్చిన సుజన.

అతను ఆఫీసు మ్యాపు విప్పి, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఈ గల్లీ పేరేందమ్మా?"