మా మడత షేడ్‌కు నేను కాపలా

ఆ రోజుల్లో గాలిదుమారం లేస్తే ఊళ్లో అందరూ ఇళ్లలోకి పరిగెత్తేవారు, మేము మాత్రం ఇంట్లోంచి వాకిట్లోకి పరిగెత్తేవాళ్లం. పెనుబల్లి దగ్గర మా ఊళ్లో మరే ఇంటికీ లేని వస్తువు మా ఇంటికి ఉండటమే దానికి కారణం. వాకిలి గోడకు బిగించిన మడత షేడ్ అది. హ్యాండిల్ ఒకవైపు తిప్పితే రెండు ఇనప చేతులు చాపుకుని, మీగడ రంగు గుడ్డ వాకిలంతా నీడ పరిచేది. ఇంకోవైపు తిప్పితే చుట్ట చుట్టుకుని గోడకు అంటుకుపోయేది. దాన్ని చూడటానికి పక్క ఊరి నుంచి కూడా వచ్చేవారు (వచ్చినవాళ్లంతా ఒకసారి తిప్పి చూస్తామనేవారు, నాన్న ఒప్పుకునేవాడు కాదు).

నాన్న కరెంటు లైన్‌మన్. గాలికీ ఆయనకూ పుట్టుకతో వైరం. కాకినాడలో ఒక పెళ్లికి పోయి, సముద్రం ఒడ్డున ఇళ్లకు ఈ షేడ్‌లు చూసి మనసు పారేసుకుని వచ్చాడు. నెలనెలా మా వాకిట్లో ప్రార్థన కూటం జరుగుతుంది కాబట్టి నీడ కావాల్సిందే. అమ్మ మాత్రం రేకులు వేయిద్దామంది.

"రేకుల మీద వాన పడితే అయ్యగారి మాట ఒక్కటి ఇనబడదు," అన్నాడు నాన్న. మా పాస్టరుగారిని అందరూ అయ్యగారనే పిలుస్తారు. "సముద్రం గాలికి ఆగింది, మన గాలికి ఆగదా?"

షేడ్‌తో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. నాన్న దాన్ని గోడకు అంటించి మా అందరికీ చదివి వినిపించాడు. గాలి వస్తే వెంటనే ముడవాలి. తడిగా ఉన్నప్పుడు ముడవకూడదు. నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది.

"గాలొస్తె ముయ్యాలె, తడిస్తె ముయ్యొద్దు. మన దిక్కు గాలీ వానా కలిసే వస్తయి గదరా, అప్పుడు ఏంది చేసేది?"

నాన్న తడుముకోలేదు. "ముందు తుడిచి, తర్వాత ముడవాలె."

అందుకని మొదటి వానకు నేనూ అమ్మా స్టూళ్లెక్కి, వానలో తడుస్తూ, వానకు తడుస్తున్న షేడ్‌ను పొడి తువ్వాళ్లతో తుడిచాం. పావుగంట తుడిచాక ఎక్కడో లెక్క తప్పుతోందని అమ్మకు అనుమానం వచ్చింది. ఇక శనివారాలు షేడ్‌కు మెత్తటి గుడ్డతో సబ్బునీళ్ల స్నానం. సత్తుపల్లి బొగ్గు గనుల వైపు నుంచి గాలి తోలిన వారం ఆ మీగడ రంగు కాస్తా పొయ్యి మీది గిన్నె రంగుకు తిరిగేది. ఇనప కీళ్లకు నూనె వేయాలని కాగితంలో ఉంటే, నాయనమ్మ ఉదారంగా తన మోకాళ్ల నూనె తెచ్చి వేసింది. వారం రోజులు మా వాకిలి దవాఖానా వాసన కొట్టింది. (షేడ్ మాత్రం నిజంగానే చప్పుడు చేయకుండా మడత పడింది.)

అసలు కథ నేను ఇంటర్ పాసైన ఎండాకాలంలో జరిగింది. ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదవాలని నాకు ఒకటే ఆశ. ఇంటి నుంచి ఒక్క రాత్రి కూడా విడిగా ఉండని పిల్లను పంపడానికి నాన్నకు మనసు ఒప్పలేదు. నేను రెండు రోజులు అన్నం మానేశాను (మధ్యాహ్నాలు నాయనమ్మ మురుకులు అందించేది, అది వేరే విషయం). మూడోరోజు నాన్న షేడ్ వైపు చూస్తూ షరతు పెట్టాడు.

"ఎండాకాలం పోయేదాక దీని బాధ్యత నీది. చిరుగు పడకుండ చూసుకున్నవనుకో, పంపిస్త. గుడ్డనే కాపాడలేనిదానివి, అక్కడ ఒంటిగ ఎట్లుంటవ్?"

ఆ రోజు నుంచి నేను మనిషిని కాదు, హ్యాండిల్‌కు తగిలించిన ఇంకో హ్యాండిల్‌ని. ఎదురుగా పామాయిల్ తోటలో మట్టలు కదిలితే చాలు, తింటున్న కంచం వదిలేసి ఉరికేదాన్ని. స్నేహితురాలి అక్క పెళ్లికి కూడా పోలేదు. ఎండాకాలం చివరి కూటం వరకు షేడ్ మీద గీత పడనివ్వలేదు. ఆ కూటానికి నాన్న నాకు ప్రత్యేకంగా ఒక అనుమతి ఇచ్చాడు.

"ప్రార్థనల నువ్వు ఒక కన్ను తెరిచి ఉంచు. దేవుడు ఏమనుకోడు."

సాయంత్రం నాలుగింటికి వాకిలి నిండా జనం. ఉక్కకు అందరూ చెమటతో కారిపోతున్నారు. అయ్యగారు లేచి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పంటల కోసం చేశారు, రోగుల కోసం చేశారు, ఆ తర్వాత చెమట తుడుచుకుని, "ప్రభువా, ఈ వేడిమిలో నీ బిడ్డల మీదికి చల్లని గాలి పంపుము," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను ఒక్కదాన్నే మనసులో, వద్దు ప్రభువా, వచ్చే వారం పంపు, అని వేడుకున్నాను. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో నాకు అప్పుడే తెలియాల్సింది. మట్టలు ఊగాయి, ఎర్రటి దుమ్ము లేచింది.

నేను హ్యాండిల్ అందుకుని తిప్పాను. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. ఖమ్మం కళ్ల ముందు కదిలింది. కాలు గోడకు తన్నిపెట్టి బలమంతా పెట్టి తిప్పాను. అదే సమయానికి కింది నుంచి గాలి ఒక్క పొడుపు పొడిచింది. షేడ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా పర్‌ర్‌ర్ మని చిరిగింది. ఆ చిరుగులోంచి ఎండ తిన్నగా అయ్యగారి బట్టతల మీద పడింది. కళ్లు మూసుకునే ఉన్న నాయనమ్మ గట్టిగా "స్తోత్రం" అంది. అయ్యగారు ఒక కన్ను తెరిచి, పైకి చూసి, ప్రార్థన అక్కడితో ముగించారు.

నేను వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. అందరూ వెళ్లిపోయాక నాన్న గేటు దగ్గరికి పోయి ఏదో కత్తిరిస్తున్నాడు. షేడ్ ముందు కడ్డీకి రెండు వైపులా సన్నటి జీఐ ఇనప తీగ, దాని రెండో కొస గేటు స్తంభాలకు. లైన్‌మన్ పట్టకారుతో మెలేసిన బిగింపు అది, ఏనుగులు లాగినా రాదు. పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆయనే కట్టాడు.

"నువ్వే కట్టినవా నాన్నా?"

"అవ్," అన్నాడు, పట్టకారు వైపు చూసుకుంటూ. తెగిన తీగను చుట్ట చుట్టి, "ఆ హాస్టల్ కాగితం తే, సంతకం పెడత," అన్నాడు.

ఖమ్మం బస్సెక్కింది మొదలు నేను ఆయన్ను వదల్లేదు. చిరిగింది నా వల్ల కాదని, పరీక్ష పెట్టినాయనే ఫెయిలయ్యాడని పది రకాలుగా చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ ఊఁ కొడుతున్నాడు. ఎందుకు కట్టాడో అమ్మ నాకు చెప్పడానికి పదేళ్లు పట్టింది. "అది ఆఖరి కూటం గదే. ఆ ఒక్కపూట గాలికి గుడ్డ చిరిగి నువ్వు పరీక్ష తప్పుతవేమోనని, తెల్లారకముందే లేచి కట్టిండు," అంది, మామూలుగా బియ్యం ఏరుకుంటూ. గెలిచానని మురిసిపోతూ ఆయన బుర్ర తిన్న ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కళ్లూ తడుస్తాయి. ఆ రోజు బస్సు కల్లూరు దాటాక ఆ పిల్ల వాగి వాగి అలిసిపోయి ఆయన భుజం మీదే నిద్రపోయింది. ఖమ్మం వచ్చేదాకా నాన్న ఆ భుజం కదపలేదు.