పిలుపు రాని పేరు

వకీలుగా నా మొదటి ఏడాదంతా కోర్టులో నేను పలికింది ఒకే ఒక్క మాట: "పాసోవర్, సార్." మా మేడం పక్క కోర్టులో ఉన్నారు, మా కేసు కాసేపాగి పిలవండి అని దాని అర్థం. ఆ ఒక్క మాట కోసం కూడా పొద్దున బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలుగైదుసార్లు లోలోపల అనుకునేదాన్ని. రాయమంటే నాకు భయం లేదు. కంఠేశ్వర్‌లో పిల్లల డాక్టరు క్లినిక్ పైన మా ఆఫీసు రెండు గదులు. అక్కడ నేను రాసిచ్చిన పిటిషన్లలో మేడం ఎర్ర పెన్ను పడేది తక్కువే. నోరు తెరవాలంటేనే భయం.

పని లేని గంటల్లో కోర్టు వరండాలో గోడకు ఆనుకుని డైరీ రాసుకునేదాన్ని. ఎవరు ఎలా కూర్చున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఇలాంటివి. ఆ పేజీల్లో ఒకామె మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. "మూడో స్తంభం దగ్గర స్టీలు టిఫిను పక్కన పెట్టుకున్న అవ్వ. అటెండరు ఏ పేరు పిలిచినా తలెత్తి చూస్తుంది. తనది కాదని తెలిశాక కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చుంటుంది." ఆమె ఎవరో, ఏ కేసుకు వస్తుందో అప్పటికి నాకు తెలియదు.

కోర్టు మెట్లు ఎక్కని వాళ్ళకు ఈ పిలుపు సంగతి చెప్పాలి. ఒక కేసు వంతు రాగానే అటెండరు గుమ్మం బయటికి వచ్చి కాగితం మీద ఉన్న పేర్లను ఒక్కొక్కటి మూడుసార్లు పిలుస్తాడు. మా అటెండరుది మైకు అక్కర్లేని గొంతు. గేటు బయట చాయ్ తాగేవాళ్ళు కూడా గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొస్తారు. కాగితం మీద లేని పేరును మాత్రం ఆయన ఎన్నడూ పిలవడు.

ఒక వానరోజు ఆ అవ్వ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చింది.

"వకీలమ్మవు నువ్వేనా బిడ్డా?"

"నేను జూనియర్‌ని అవ్వా. మేడం లోపల ఉన్నారు."

"గా వరండాల రాసుకుంట కూసుంటవు గద, నువ్వే. నిన్ను సూసే వచ్చిన."

నేను మాత్రమే ఆమెను చూస్తున్నాననుకున్నాను. ఆమె కూడా నన్ను చూస్తోందన్నమాట.

మేడం ముందు కూర్చుని తన సంగతి చెప్పింది. ఆమె చెల్లెలు ఒక మగపిల్లవాణ్ణి కని, వాడు పాకే వయసులో ఉండగానే చనిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే తండ్రి కూడా పోయాడు. అప్పటికే భర్త లేని ఈమె రుద్రూర్ చెరుకు తోటల్లో కలుపు తీసి, చెరుకు కొట్టి వాణ్ణి పెంచింది. వాడు ఆమెను అవ్వా అనే, అంటే అమ్మా అనే, పిలిచేవాడు. పెద్దయ్యాక ట్రాక్టరు నడిపాడు. దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు బండ్లు దూరం పోవాల్సి వచ్చేది. అలా పోతున్న ఒక పొద్దున వెనక నుంచి లారీ గుద్దింది. మనిషి దక్కలేదు.

భార్యా, చిన్న కూతురూ నష్టపరిహారం కోసం ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేశారు. కాగితం రాసినాయన అడిగాడట, తల్లి ఉందా అని. లేదు అన్నారు. అబద్ధమేమీ కాదు. పెంచిన మనిషి ఉందా అని ఆయన అడగలేదు. లారీ తరఫు బీమా కంపెనీ రాజీకి వచ్చి, ఒప్పుకున్న డబ్బు కోర్టులో జమ చేసింది.

"పేషీ పేషీకి వచ్చిన బిడ్డా. మా కోడలూ నేనూ ఒక్క ఆటోల్నే వచ్చినం. ఆమె పేరు పిలిస్తే ఆమె లోపలికి పోయింది. నన్ను పిలువలే. నా వంతు ఇంక రాలేదనుకున్న."

"మరి నువ్వే లోపలికి పోయి అడగకపోయినవా?" అంది మేడం.

"అయ్యో, పిలువకుంట ఎట్ల పోత? అది కోర్టాయె."

రాజీ కాగితం మీద సంతకాలు పడిన రోజు కూడా ఆమె అక్కడే, తలుపుకు పది అడుగుల దూరంలో ఉంది. తర్వాత మోర్తాడ్ నుంచి కోడలి అన్న వచ్చాడు. డబ్బు చేతికి రాగానే చెల్లెల్నీ పిల్లనూ తన ఊరికి తీసుకుపోతాననీ, నువ్వు కన్నతల్లివి కాదు కనుక నీకు ఏ సంబంధమూ లేదనీ తేల్చి చెప్పాడు. అవ్వకు ఇప్పుడు కూలి చేసే మోకాళ్ళు లేవు. ఆ డబ్బు కోర్టు దాటిపోతే ఆమె తిండికీ మందులకూ ఇంకో దారి లేదు.

మేడం రేషన్ కార్డు అడిగింది. కొడుకు కుటుంబంతో పాటు అందులో అవ్వ పేరు ఉంది. మోకాళ్ళు చూపించిన ఆసుపత్రి చీటీ వెనక కొడుకు సంతకం కూడా ఉంది. మేడం రెండూ తిప్పి తిప్పి చూసి పెదవి విరిచింది.

"అవార్డు అయిపాయె, తీర్పు పడ్డట్టే. ఈమె కేసులనే లేదాయె. జడ్జిగారు నాకు అధికారం లేదు, సివిల్ కోర్టుకు పో అంటరు. అక్కడ తేలేటాలకు ఏముంటది?"

"డబ్బు ఇంకా బయటికి పోలేదు మేడం," అన్నాను. నా కాగితాలకు చెప్పినట్టు చెప్పాను.

"మల్లొకసారి చెప్పు. గట్టిగ."

"చెక్కు ఇప్పించమని వాళ్ళు వేసిన పిటిషన్ వచ్చే వారం ఉంది. కంపెనీ ఇచ్చేసింది, వీళ్ళింకా తీసుకోలేదు. ఇప్పుడది కోర్టు చేతిలో ఉంది. ఎవరికి ఎంత అని చెప్పాల్సింది ఆ కోర్టే. అలాంటప్పుడు నాకూ ఇందులో ఉంది అంటున్న మనిషి మాట వినే అధికారం దానికి ఎందుకుండదు?"

మేడం కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "రాయి. రాసుడే గాదు, నువ్వే వాదించు."

తప్పించుకునే దారి ఒకటి తోచింది. సంచిలోంచి డైరీ తీశాను. "ఆమె ప్రతి పేషీకి వచ్చినట్టు తారీఖులతో సహా ఇందులో రాసుకున్నాను మేడం. ఇది జడ్జిగారికి ఇస్తే..."

"నువ్వు సాక్షివా, వకీలువా? సాక్షివైతే నల్లకోటు ఇడిసి బోనెక్కు. వకీలువైతే గా డైరీ సంచిల పెట్టి నోరు తెరువు."

అవ్వ నవ్వింది. "నోరున్నట్టే ఉన్నది గదమ్మా పిల్లకు," అంది.

ఆ రాత్రీ మర్నాడూ చదవడం తప్ప వేరే పని చేయలేదు. అక్షరం కాగితం మీద ఉంటే నాకు ధైర్యం. పాత తీర్పులు చదివిన కొద్దీ మా మాట సరైనదేనన్న నమ్మకం గట్టిపడింది. గొంతు సంగతే తెలియదు, వాదన సంగతి తెలుసు.

పేషీ రోజు బీమా కంపెనీ వకీలు ముందే లేచి, "మా డబ్బు మేం కట్టేశాం సార్, మాకిక దీంతో పని లేదు," అని కూర్చున్నాడు. కోడలి తరఫు వకీలు తల నెరిసిన పెద్దమనిషి. ఆయన తొందరపడలేదు.

"ఈమె కక్షిదారు కాదు సార్. రాజీ రికార్డయింది, ట్రిబ్యునల్ పని ముగిసింది. పైగా కేసు నడుస్తోందని ఈమెకు తెలుసు. ప్రతి పేషీకి వచ్చి వరండాలో కూర్చుంది. ఒక్కనాడూ లోపలికి రాలేదు. డబ్బు జమైనాకే లోపలికి దారి కనబడింది."

వెనక బెంచీల్లో నవ్వులు. జడ్జిగారు నా వైపు తిరిగారు. "మీ సీనియర్ ఎక్కడమ్మా?"

పాసోవర్ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి చూశాను. మేడం చివరి బెంచీలో కూర్చుని, నేనెవరో తెలియనట్టు ఫోను చూసుకుంటోంది.

"నేనే చెప్తాను సార్," అన్నాను.

"రాజీలో ఒప్పుకున్న మొత్తాన్ని మేం ముట్టుకోవడం లేదు. కంపెనీని ఇంకో పైసా అడగడం లేదు. పంపకం ఒక్కటే మా మాట. ఆమె వరండాలో కూర్చున్నది నిజమే సార్. పిలుస్తారని కూర్చుంది. కాగితం మీద పేరు లేని వాళ్ళను పిలవరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పేరు ఎందుకు లేదంటే, రాసినవాళ్ళు తల్లి ఉందా అని అడిగారు, పెంచినవాళ్ళు ఉన్నారా అని అడగలేదు."

"అది కష్టం సంగతి. అధికారం సంగతి చెప్పండి," అన్నారు జడ్జిగారు.

"డబ్బు కంపెనీ చేతిలోంచి వచ్చింది. వీళ్ళ చేతికి ఇంకా పోలేదు. మధ్యలో ఉన్నది మీ చేతిలో సార్. మీ చేతిలో ఉన్నది ఎవరిదో మీరే తేల్చకపోతే, ఇంకో కోర్టు తేల్చేనాటికి తేల్చడానికి ఏమీ మిగలదు."

అక్కడితో ఆపేశాను. ఇంకా రెండు పేజీలు రాసుకున్నాను గానీ అవసరమనిపించలేదు. నా గొంతు వణికిందో లేదో ఇప్పటికీ తెలియదు. జడ్జిగారు కొంతసేపు కాగితాలు తిప్పి ఉత్తర్వు రాయించారు: రాజీ మొత్తం మారదు. జమైన సొమ్ము కోర్టులో ఉన్నంతవరకు దాని పంపకం ఈ ట్రిబ్యునల్ పరిధిలోనిదే. చెక్కులు ఆపండి. ఈమెను కక్షిదారుగా చేర్చండి. వచ్చే పేషీలో విందాం.

బయట కోడలి అన్న నాకు అడ్డం వచ్చాడు. "ఏందమ్మా, ఇయ్యాల ఈ ముసలామెను తెచ్చినవు, రేపు మా ఊళ్ళె ముసలోళ్ళందర్ని పట్టుకొస్తవా?"

"నేనెక్కడ తెచ్చిన అన్నా? పేషీ పేషీకి మీ చెల్లెనే తోలుకొచ్చె, ఒక్క ఆటోల."

అతను పక్కకు జరిగి దారి వదిలాడు. అతని వెనక నిలబడ్డ చెల్లెలు మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

తర్వాతి పేషీకి అవ్వను లోపల బెంచీ మీద కూర్చోమని గట్టిగా చెప్పాను. నేను ఫైలు అందుకుని తిరిగి చూసేసరికి ఆమె అక్కడ లేదు. టిఫిను తీసుకుని మళ్ళీ మూడో స్తంభం దగ్గరికి పోయింది. తీసుకొద్దామని లేవబోతే మేడం నా కొంగు పట్టుకుని ఆపింది.

అటెండరు గుమ్మం బయటికి నడిచాడు. కోడలి పేరు పిలిచాడు. కంపెనీ పేరు పిలిచాడు. తర్వాత ఇంటిపేరుతో సహా అవ్వ పేరు పిలిచాడు. వరండా అంతా వినిపించేలా ఒకసారి, రెండోసారి. జవాబు లేదు. మూడోసారి పిలిచాక, "ఆఁ, ఉన్న! వస్తున్న!" అని వినిపించింది. గుమ్మంలో ఆమె కనబడింది, మోకాలు మీద ఒక చెయ్యి. ఇంకో చెయ్యి కోడలు పట్టుకుంది. టిఫిను కూడా కోడలి చేతిలోనే ఉంది.

జడ్జిగారు అడగకముందే కోడలు మాట్లాడింది. "ఆయన బుద్ధెరిగిన కాన్నుంచి మా అత్తమ్మ చేతి బువ్వనే తిన్నడు సారు. నా బిడ్డకు తానం పోసింది ఈమెనే. నా దాంట్ల నుంచి తీసి ఇయ్యున్రి. బిడ్డది మాత్రం ముట్టుకోకున్రి."

ఆమె వకీలు కాగితాలు సర్దుకున్నాడు. చిన్నపిల్ల వాటా కదపకుండా, కోడలి వాటాలోంచి ఒక భాగం అవ్వ పేరున బ్యాంకులో వేసి, నెలనెలా వడ్డీ ఆమెకే ఇవ్వాలని తీర్పు వచ్చింది.

బయట మెట్ల మీద అవ్వ టిఫిను విప్పి, జొన్నరొట్టె ముక్క చేసి నాకూ కోడలికీ పెట్టింది.

"మల్ల పేషీ ఎప్పుడు బిడ్డా?"

"ఇక పేషీ లేదు అవ్వా. అయిపోయింది."

"లేదా?" ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు వైపు చూసింది. "రెండుసార్ల పిలిచినప్పుడు ఊకెనే ఆగిన. మంచిగ పిలుస్తున్నడు, ఇంకొకసారి ఇందామని."