గోడలు లేని గుడి

ఆదివారం పొద్దున నగరి నుంచి పుత్తూరు బస్సెక్కాను. పక్కన శిలువ గొలుసు వేసుకున్న పెద్దావిడ, ఒడిలో బియ్యం మూట. నగరిలో మరమగ్గాల పని చేస్తుందట. వండే ప్రతిసారీ సొంతూరి గుడికని పిడికెడు బియ్యం తీసిపెడుతుందట.

“చర్చికా అమ్మా?” అన్నాను.

“టౌనోళ్లు చర్చి అంటారు. మాకు గుడే నాయనా. వానకు గోడలు కూలిపోయినాయి. మేమే కడతా ఉండాము. కట్టేవాళ్లకు ఈ బియ్యమే కూడు.”

నా నోరు ఊరుకోలేదు. “అందాకా నగరి చర్చికే పోవచ్చు కదా?”

“మా గుడి ఆడుండంగా, ఈడికెందుకు పోయేది?”

ఆవిడ దిగిన చోట గుడి అనడానికి మోకాలెత్తు పునాది తప్ప ఏమీ లేదు. బస్సు కదిలేలోపు చూశాను. తలుపు రావాల్సిన చోట చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని, ఆవిడ లోపలికి వెళ్లింది.