దాయీ మినుములకు నేను వేసిన సున్నం

ఆ రోజుల్లో, అంటే నా డిగ్రీ పట్టా ఇంకా కొత్త కాగితం వాసన వేస్తున్న రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివే ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ తెలివి తగ్గుతుందో, అప్పుడు నాకున్నది అసలు తెలివే కాదో ఇంకా తేల్చుకోలేదు. ఎనభైల మొదట్లో రాయపూర్‌లో ఒక వ్యవసాయ పరిశోధన పథకంలో తాత్కాలిక సహాయకుడిగా చేరాను. మా నాన్న రైల్వే గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా క్వార్టర్ల వరసలో మగపిల్లలంతా రైల్వే కోసమే పుట్టినట్టు లెక్క. నేనొక్కణ్ణే మట్టి పట్టుకుని తిరిగేవాణ్ణి. "ఈ ఏడు నీ నౌకరీ పక్కా అయితే సరే. నేదంటే నోరు మూసుకుని రైల్వే ఫారం నింపీ," అని నాన్న గడువు పెట్టారు. ఆ ఫారాన్ని ఆయన అప్పటికే తెచ్చి బీరువాలో పెట్టారు.

రాయపూర్ చుట్టూ మెట్ట మీద భాఠా అనే ఎర్ర గరుకు నేల ఉంటుంది. కొన్నిచోట్ల అది బాగా పులుపు. పులుపంటే నాలుకకు తెలిసేది కాదు, లిట్మస్ కాగితానికి తెలిసేది (నేను నాలుకతో కూడా చూశాను, ఎవరికీ చెప్పకండి). మినుము, కంది లాంటి పంటల వేళ్ళను పట్టుకుని కంటికి కనిపించని జీవులు కొన్ని బతుకుతాయి. అవి వేళ్ళ మీద ఆవగింజలంత బుడిపెలు కట్టుకుని, గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మార్చి పెడతాయి. మొక్క వాటికి తన చక్కెరలో వాటా ఇస్తుంది. నేల మరీ పులుపెక్కితే ఆ జీవులు నిలవలేవు. బుడిపెలు కట్టవు, మొక్క పాలిపోతుంది. అందుకని మా పెద్దసారు ఒక పద్ధతి చెప్పారు. గింజలకు బెల్లం నీళ్ళతో ఆ జీవుల పొడి పట్టించి, పైన మెత్తటి సున్నపురాయి పొడి అద్ది, నీడన ఆరబెట్టి విత్తాలి. ఆ పూత గింజ చుట్టూ ఉన్న కాస్త మట్టిలో పులుపు విరుస్తుంది. ఇది ఒక రైతు పొలంలో చేసి చూపించే పని నాకు అప్పగించారు. పంట బాగుంటే నా ఉద్యోగం పొడిగిస్తారు.

పొలం ధర్సీవా దాటి ఒక పల్లెలో దొరికింది. దాని యజమానురాలిని ఊరంతా దాయీ అనేవారు, వాళ్ళ మాటలో అమ్మ అని. వరి మళ్ళు ఆమె భర్త చూసుకునేవాడు. మెట్ట మీది మినుముల పొలం చెక్క మాత్రం ఆమె సొంతం. ఆ మినప్పప్పు రుబ్బి, బూడిద గుమ్మడికాయ కోరు కలిపి, చలికాలంలో ఆమె బరీలు పెట్టేది. మన వడియాలే అనుకోండి. అవి ఆమె కూతురి అత్తారింటికి వెళ్ళాలి. "ఏటా పంపుతాను, ఒక్క ఏడు కూడా తప్పలేదు. చూసి చెయ్యి బాబూ," అని ఆమె తన చెక్క నా చేతిలో పెట్టింది. అంటే ఆ మినుముల మీద ఆమె మాటా నా ఉద్యోగమూ రెండూ ఉన్నాయి. నాకు మాత్రం రెండోదే గుర్తుండేది.

జీవుల పొడి నల్లగా బొగ్గుపొడిలా పొట్లాల్లో వచ్చింది. చల్లగా ఉండాలని నీళ్ళ కుండ పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున్నే నాన్న అందులో ఒక పొట్లం విప్పి పళ్ళు తోముకున్నారు. నేను గాభరాగా, "నాన్నా, అందులో బతికున్న జీవులున్నాయి!" అన్నాను. ఆయన పుక్కిలించడం ఆపి, "ఎన్నిరా?" అన్నారు. కోట్లలో ఉంటాయని నిజం చెప్పేశాను. ఆ పూట ఆయన టిఫిను ముట్టలేదు, నాతో మాట్లాడలేదు, డ్యూటీకి వెళ్తూ అమ్మతో మాత్రం "ఆ ఫారం నువ్వే నింపీయే," అని వెళ్ళారు.

అంతలో వాన పడింది. విత్తడానికి సరైన పదును. తీరా చూస్తే స్టోరులో సున్నపురాయి పొడి లేదు. స్టోర్ కీపరు "సోమ్‌వార్ కో ఆనా," అన్నాడు. సోమవారం దాకా పదును నా కోసం ఆగుతుందా? పెద్దసారు ఊళ్ళో లేరు. అడిగేవాళ్ళు లేరు గనక నా తెలివినే అడిగాను. అది వెంటనే జవాబిచ్చింది: సున్నపురాయిని కాలిస్తేనే కదా సున్నం, రాయి కన్నా సున్నం ఘాటు, ఘాటైతే పులుపు ఇంకా బాగా విరుగుతుంది. సైకిలేసుకుని గుఢియారీ వెళ్ళి, గోడలకు వేసే సున్నం అమ్మే దుకాణంలో ఒక సంచి కొన్నాను. ఇంటికొచ్చి బకెట్లో వేసి నీళ్ళు చల్లితే బుసబుసమంటూ పొంగి, మెత్తటి పిండిలా విరిగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "వానాకాలంలో గోడలకి సున్నమేటిరా? నీకు గాని దిమాగ్ ఖరాబయిందేటి?" అంది. నేను చిరునవ్వు నవ్వాను. చిటికెడు పిండి నీళ్ళలో కలిపి లిట్మస్ కాగితం ముంచాను. అది మాంచి నీలంగా మారింది. నీలం ఎంత ముదిరితే అంత మంచిదని నాకు నేనే శెభాష్ అనుకున్నాను.

మర్నాడు దాయీ వాకిట్లో, గోనె మీద మినుములు పోసి, బెల్లం నీళ్ళతో నల్లపొడి పట్టించి, పైన నా సున్నం చల్లి రెండు చేతులా కలపడం మొదలెట్టాను. పావుగంటకల్లా వేళ్ళు మండిపోయాయి, సాయంత్రానికి చర్మం పొరలుగా లేచింది. నా చేతికే ఆ గతి పడుతుంటే, కంటికి కనిపించనంత చిన్న ప్రాణుల సంగతేమిటన్న ప్రశ్న నాకు రాలేదు. దాయీకి వచ్చింది. గుమ్మంలో కూర్చుని అరచేతిలో పొగాకు నలుపుకుంటూ, గోటి కొసతో రవ్వంత సున్నం దానికి రాసి, నా కుప్పకేసి చూసి అడిగింది: "అత్కా చూనా మా జీవ్ బాఁచహీ కా, బాబూ?" అంత సున్నంలో ప్రాణం నిలుస్తుందా అని. ఈ రవ్వ ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది కదా అని కూడా అంది. "దాయీ, యే విజ్ఞాన్ హై," అన్నాను, చేతులు చన్నీళ్ళ తొట్టిలో ముంచుకుంటూ. ఆమె లేచింది. నేనింకా సున్నం కలపని గింజలు రెండు దోసిళ్ళు చేటలోకి తీసుకుని పెరటివైపు వెళ్ళింది. కోళ్ళకేమో అనుకున్నాను.

నలభై రోజుల తర్వాత పెద్దసారు జీపులో వచ్చారు. ఊళ్ళో రైతులంతా పోగయ్యారు. నా చెక్కలో మొలకలే పలచన, మొలిచినవి కామెర్ల రోగుల్లా ఉన్నాయి. అంతకుముందు వచ్చి చూసినప్పుడల్లా తప్పు వానదనో మేకలదనో సరిపెట్టుకున్నాను గాని, ఒక్క మొక్కయినా పీకి వేరు చూసే ధైర్యం చెయ్యలేదు. అయినా వేళ్ళ దగ్గరి మిత్రుల మీద బట్టీపట్టిన హిందీ ఉపన్యాసం మాత్రం గుక్క తిప్పుకోకుండా ఇచ్చాను. అది అయ్యాక సారు వంగి ఒక మొక్క పీకారు. వేరు కడిగిన దారంలా ఉంది, ఒక్క బుడిపె లేదు. ఇంకోటి పీకారు. ఇంకోటి. అప్పుడాయన చూపు చెక్క చివరికి వెళ్ళింది. అక్కడ, దాయీ ఏటా పోసే పొయ్యి బూడిదతో పులుపు విరిగిన గట్టు వార, ఒకే ఒక్క వరస నిగనిగలాడుతూ ఉంది. అందులో ఒకటి పీకితే వేరు నిండా బుడిపెలు. గోటితో ఒకదాన్ని చీల్చారు. లోపల గులాబీ రంగు, అంటే జీవులు లోపల పనిచేస్తున్నాయని గుర్తు.

"ఇది ఎవరు వేశారు?" అన్నారు సారు. దాయీ ముందుకొచ్చింది. నా ఉద్యోగం సంగతి ఆమెకు తెలుసు, ఎన్నోసార్లు నేనే చెప్పుకుని ఏడ్చాను. "బాబూ హర్ బోయే హే," అంది. బాబే వేశాడని. నేను సిగ్గులేకుండా "అవును సార్," అన్నాను. ఆ ఒక్క క్షణం గొప్ప శాస్త్రవేత్తనే. "దీనికేం పూత వేశావు? దానికేం వేశావు?" అన్నారాయన. మొదటిదానికి జవాబు నాకు తెలియదు. రెండోది చెబితే పోతాను. దాయీ వైపు చూశాను. నా కోసం అబద్ధమాడిన మనిషి, పోయిన పంట తనదైనా, నేనేం చెబుతానా అని ఆదుర్దాగా నన్నే చూస్తోంది. ఇక నా వల్ల కాలేదు. గుఢియారీ సంచి దగ్గర్నుంచి ఊడిన చర్మం దాకా గబగబా చెప్పేశాను.

సారు చేతిలోని మొక్కల్ని గట్టు మీద పెట్టారు. తర్వాత, "నాకు కాదు, వాళ్ళకి చెప్పు," అని రైతుల వైపు నన్ను తిప్పారు. వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో, జీవులకు పులుపు పడదని నేనే చెప్పి, నేనే వాటిని సున్నంలో వేసి చంపానని ఒప్పుకున్నాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నా ఉపన్యాసం నిజంగా అర్థమయింది ఆ ఒక్క భాగమే. జీపెక్కుతూ సారు, "వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యి. కొత్తవాణ్ణి పెడితే వాడు ఇంకో సంచి సున్నం కొంటాడు," అన్నారు. అలా నా ఉద్యోగం నిలిచింది.

దాయీ మినుములు మాత్రం నిలవలేదు. చలికాలంలో క్షమాపణ చెప్పుకుందామని వెళ్తే, ప్రతి ఏడూ చాపల నిండా ఆరేవని చెప్పిన బరీలు ఆ ఏడు ఒక్క చేటలో ఆరుతున్నాయి. ఆ ఒక్క వరస పంటా అంతే మరి. నేను నోరు తెరిచేలోపు ఆమె అందులోంచి దోసెడు తీసి మోదుగాకులో కట్టి, "నీ అమ్మకివ్వు," అంది. వద్దన్నాను. ఒక్కసారే అన్నాను, గట్టిగా అనలేదు. ఇంటికి తెస్తే అమ్మ వాటిని వంకాయతో వండింది. కూతురికి ఆ ఏడు దాయీ ఏం పంపిందో, ఆ అత్తారింట్లో ఎవరేమన్నారో నేనెప్పుడూ అడగలేదు. ఆ పూట నేను కంచం ముందు కూర్చుని, "ఇంకో నాలుగు వెయ్యమ్మా," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే లేచి వెళ్ళి ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ పాపం, ఎంత ఇష్టంగా తింటున్నాడో! తినేదాకా ఆగుదామనీ అనిపిస్తుంది.