మా పిలగానికే

మాదాపూర్‌లో ఆఫీసు బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. వాటిలో వైరింగ్ పని దొరికి మా నాయిన మమ్మల్ని మెదక్ జిల్లా నుంచి తీసుకొచ్చాడు. కిరాయి గది చుట్టూ బండరాళ్లు, సగం కట్టిన గోడలు. నా ఈడు ఆడపిల్లలు దగ్గర్లో ఎవరూ లేరు. మా ఇంట్లోనూ నేనొక్కదాన్నే. బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చునేదాన్ని.

బొమ్మల అడ్వర్టైజ్‌మెంట్లంటే ప్రాణం. వాటిలో ఆడపిల్ల ఎప్పుడూ ఒక్కతే గదిలో కూర్చుని బొమ్మకు జడ వేస్తుండేది. రిమోట్ కారు వెనక మాత్రం మగపిల్లలు గుంపుగా అరుస్తూ ఉరికేవాళ్లు. పక్కన నిలబడి ఒక పిల్ల చప్పట్లు కొట్టేది. కారు కొంటే ఆ గుంపు కూడా వస్తుందని నేను నమ్మాను.

అడగ్గా అడగ్గా, దసరాకు నాయిన నన్ను కూకట్‌పల్లి తీసుకుపోయాడు. దుకాణాయన నన్ను చూసి వంటసామాన్ల బొమ్మల డబ్బా తీశాడు. నేను కారు చూపించాను. ఆయన నాయినవైపు తిరిగి, "ఇది మగపిల్లలదండీ. బాబుకా?" అన్నాడు.

నాయిన జేబులోంచి డబ్బులు తీస్తూ, "ఆ, మా పిలగానికే" అన్నాడు.

నేను నాయిన చెయ్యి పట్టుకునే ఉన్నాను. లేని తమ్ముడి కోసం కారును రంగు కాగితంలో చుట్టి ఇచ్చారు. బస్సులో నాయిన దాన్ని తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

మర్నాడు కారు పట్టుకుని బయటికి వెళ్తే, పక్క వీధి మగపిల్లలు నిజంగానే ఉరికొచ్చారు. రిమోట్ నా చేతిలో ఎంతోసేపు ఉండలేదు. "నువ్వు చప్పట్లు కొట్టు, టీవీల ఆ పిల్ల కొడ్తది గద" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. కొట్టాను. కాసేపటికి ఆపేశాను. ఎవరూ చూడలేదు. సెల్లులు అయిపోయాక కారును నా కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి, నాయిన దుకాణంలో అట్లా ఎందుకు చెప్పాడని అమ్మను అడిగాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు. "ఆడపిల్లకని అంటే దుకాణపోళ్లు ఇంకేమేమో అడుగుతరని అట్ల చెప్పిండు, బిడ్డా" అంది.

తర్వాత చాట పక్కన పెట్టి, పగలంతా తను వినే రేడియోలోంచి సెల్లులు తీసి కారుకు వేసింది. ఈ ఊరొచ్చాక అమ్మకు మాట్లాడటానికి ఎవరూ లేరని అప్పటిదాకా నాకు తోచలేదు. రిమోట్ ఎట్లా పట్టుకోవాలో చూపించాను. కారు వెళ్లి గోడకు తగిలింది. అమ్మ లేచి దాన్ని ఇటు తిప్పి పెట్టింది, మళ్లీ నడిపింది. రిమోట్ చాలాసేపు నాకివ్వలేదు. నేనూ అడగలేదు.