నా పేరున వెలిగిన దీపం

మొన్న మా అమ్మాయి ఫోనుకి ఒక లింకు పంపింది. కింద ‘అమ్మా, మామయ్య ఆట ఇందులో ఉంది, చూడు’ అని రాసింది. తెరిచి చూశాను. ఎవరూ పట్టించుకోని మంచి వీడియో గేములు, తప్పకుండా ఆడి చూడండి అంటూ ఎవరో పుణ్యాత్ముడు ఓ పది ఆటల జాబితా ఇచ్చాడు. నాలుగోది చూసేసరికి కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. సముద్రం మధ్య చిన్న దీవి, ఒడ్డున వరసగా ఇళ్ళు, ఒక్కో గడప ముందు ఒక్కో దీపం. దాని కింద రెండే వాక్యాలు ఉన్నాయి. ఇంత మంచి ఆటని మనం కాపాడుకోలేకపోయాం, ఇప్పుడిది ఎక్కడా దొరకదు అని. దొరకనిదాన్ని ఆడమని చెప్పడం, మా ఊళ్ళో హస్తవాసి గల డాక్టరు ఉండేవాడు, వెళ్ళి చూపించుకో, కాకపోతే పోయాడు అని చెప్పినట్టుంది. నవ్వొచ్చింది గానీ, ఆ ‘మనం’ అనే మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ మాటలో నేనూ ఉన్నాను.

ఆ ఆట గురించి చెప్పాలంటే ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. పదిమంది మెచ్చినదాని మీద వాడికి చిన్నప్పటి నుంచీ గురి లేదు. పెళ్ళి భోజనంలో అందరూ మాంసం కూర కోసం గరిటె వైపు చూస్తుంటే, వీడు విస్తరి అంచున ఎవరూ ముట్టని చుక్కకూర పచ్చడి నాకి, పక్కవాళ్ళకి కూడా తినమని చెప్పేవాడు. నాయుడుపేటలో బస్సు ఆగితే జనమంతా ఒక బండి చుట్టూ మూగేవాళ్ళు. వీడు మాత్రం దూరంగా గంప ముందు ఈగలు తోలుకుంటున్న ముసలమ్మ దగ్గరికి పోయి ఉడికించిన గెణుసుగడ్డలు కొని, బస్సంతా తిరిగి రుచి చూపించేవాడు. సగంమంది వద్దనేవాళ్ళు. తిన్నవాళ్ళు బాగుందనేవాళ్ళు. ఆ ‘బాగుంది’ కోసమే వాడు బతికేవాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

కృష్ణపట్నం రేవు పనులు ఊపందుకున్న రోజుల్లో ముత్తుకూరులో రోడ్డు పక్కన జిరాక్సు, ఇంటర్నెట్ షాపు పెట్టాడు. పగలు ఆధార్ కాగితాలు, ఉద్యోగాల దరఖాస్తులు. షిఫ్టు దిగిన కార్మికులు, సరుకు దింపడానికి వరస కోసం కాచుకున్న లారీ డ్రైవర్లు కాసేపు ఆటలాడుకోవడానికి నాలుగు కంప్యూటర్లు. వాళ్ళకి కావలసింది కార్లు గుద్దుకునే ఆట, తుపాకుల ఆట. మావాడు అవి పెట్టకా తప్పలేదు, పెట్టి ఊరుకోనూ లేదు. ప్రతి కంప్యూటరు నెత్తిన తెలుగులో ఒక చీటీ అంటించేవాడు. మంచులో ఉత్తరాలు పంచే పోస్టుమాన్ ఆట ఒకటి, పాడైన రేడియోని బాగుచేసుకుంటూ పోయే ఆట ఒకటి. ‘అరగంట ఓపిక పట్టండి, ఆ తర్వాత మీరే చెబుతారు’ అని చీటీ చివర తప్పకుండా ఉండేది. పన్నెండు గంటలు లారీ తోలి వచ్చిన ఒక డ్రైవరుని బతిమాలి పోస్టుమాన్ ఆట ముందు కూర్చోబెట్టాడు. ఆయన అరగంట మంచులో నడిచి, మూడు ఉత్తరాలు ఇచ్చి, లేచి, “ఇందులో కూడా డ్యూటీనే గదన్నా” అని వెళ్ళిపోయాడు. ఈ ముక్క మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది. ఎవరు ఏ పని చెప్పినా మేం అదే అనేవాళ్ళం. వాడూ మాతోపాటు నవ్వేవాడు, నొచ్చుకుంటూనే.

వాటన్నిటిలో వాడి ప్రాణం దీవి ఆట. అసలు పేరుకి నాకు నోరు తిరగదు. వాడు దీపాల దీవి అనేవాడు. ఏదో చలిదేశంలో నలుగురు కలిసి చేశారట. ఇంటర్నెట్లో ఎక్కడెక్కడివాళ్ళో ఒకే దీవిలో చేరి ఆడతారు. చేరిన ప్రతివాళ్ళకీ ఒడ్డున ఒక ఇల్లు, గడప ముందు దీపం. రోజూ కాయలు ఏరి, నూనె తీసి, దీపంలో పోయాలి. దీపాలు ఎన్ని వెలిగితే అన్ని పడవలు ఒడ్డుకి వస్తాయి. విత్తనాలో గుడ్డలో వింత పాటలో తెస్తాయి. ఏడు రోజులు దీపం వెలగకపోతే ఆ ఇల్లు ఇసకై పోతుంది. చంపడం లేదు, గెలవడం లేదు. గెలుపు లేని ఆట ఎవడాడతాడురా అని అడిగితే, “ఉండటమే ఆట అక్కా” అన్నాడు. నాకు తల తిరిగింది. బడిలో నలభైమంది పిల్లలతో నేను రోజూ ఆడేది అదే కదా అనుకుని ఊరుకున్నాను.

ఇక్కడ మా అమ్మ పిడికెడు బియ్యం సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండిన ప్రతిసారీ గుడి కోసం ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తీసుకుపోయి కుమ్మరిస్తే, లేనివాళ్ళకి పంచుతారు. అందరూ ఇంటికి ఒక పిడికెడు తీస్తే, మా అమ్మ మనిషికి ఒకటి తీసేది. నేను పెళ్ళై బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళిపోయినా, అక్కడే బడిలో ఇంగ్లీషు టీచరుగా స్థిరపడినా, నా పేరున తీయడం మానలేదు. లేనిదాని పేరున ఎందుకమ్మా అంటే, “మనిషి యాడుంటే ఏందే, వంతు ఇంట్లో ఉండాల” అనేది. మా తమ్ముడు ఆ వంటింట్లోనే పెరిగాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను షాపుకి తీసుకుపోయి నాకూ దీవిలో ఇల్లు కట్టించాడు. ఏ వైపుకి తిప్పి కట్టమంటావని అడిగాడు. సంచిలో దిద్దవలసిన పేపర్లు ఉన్నాయి, బస్సు వేళవుతోంది. ఎటైనా ఒకటేలే, కానియ్యి అన్నాను. పదకొండు నిమిషాలు ఆడాను. పది కాయలు ఏరాను, దీపం వెలిగించాను, ఒక పడవ వచ్చింది. బాగుందిరా అన్నాను. వాడి మొహం చూడాలి ఆ పూట. రోజూ వస్తావు గదా అక్కా అంటే, తప్పకుండా అన్నాను. పెళ్ళిపత్రిక పుచ్చుకుంటూ అందరికీ చెబుతామే, అలాంటి తప్పకుండా. మళ్ళీ ఆ దీవి మొహం చూడలేదు.

ఏడాదిన్నర తర్వాత ఆ నలుగురూ ఒక ప్రకటన పెట్టారు. ఆడేవాళ్ళు తగ్గిపోయారు, వచ్చే మూడు నెలల్లో దీపాలు పెరగకపోతే దీవిని మూసేస్తాం అని. మావాడికి నిద్ర పట్టలేదు. ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ ఒకావిడ లేచి జ్వరం తగ్గిందని చెప్పింది, ఒకాయన కోడలు నెమ్మదించిందని చెప్పాడు, వాళ్ళ తర్వాత మా తమ్ముడు లేచి సముద్రం మధ్య ఒక దీవి ఆరిపోతోందని చెప్పాడు. పాస్టరు గారికి ఆమేన్ అనాలో వద్దో తెలియలేదు. అయినా వాడు మంచివాడు, అందరి దరఖాస్తులూ ఓపికగా నింపినవాడు. ఆ మొహమాటానికి పాస్టరు గారితో సహా పదహారుమంది షాపుకి వచ్చి, ఒక్కో ఇల్లు కట్టించుకుని, టీ తాగి వెళ్ళారు. నాదీ వాడిదీ కలిపితే పద్దెనిమిది. తిరిగి ఒక్కరూ రాలేదు.

వాళ్ళు రాకపోయినా ఇళ్ళు ఇసక కాలేదు. మా తమ్ముడు రోజూ పొద్దున షాపు తెరిచే ముందు మూడు గంటలు కూర్చుని, నోటుబుక్కులో పేర్లు వరసగా టిక్కు పెట్టుకుంటూ, ఒక్కొక్కరి పేరుతో లోపలికి పోయి, వాళ్ళ కాయలు ఏరి, వాళ్ళ నూనె తీసి, వాళ్ళ దీపం వెలిగించి వచ్చేవాడు. నా దీపమైతే ఆ ఏడాదిన్నర నుంచీ వెలిగిస్తూనే ఉన్నాడట. అమ్మ ఇడ్లీ పట్టుకుపోయి, ఏం చేస్తున్నావురా ఇంతసేపు అని అడిగితే వివరంగా చెప్పాడు. అమ్మకి ఆట అర్థం కాలేదు గానీ ఆ పని అర్థమైంది. మంచిదే, చెయ్యి అందట. లేనివాళ్ళ వంతు తీసి పెట్టడంలో తప్పుంటుందని మా ఇంట్లో ఎవరికి తోస్తుంది?

ఆ చలిదేశం వాళ్ళకి తోచింది. ఒకే షాపు నుంచి పద్దెనిమిది ఇళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే వేళకి వెలుగుతున్నాయి, వీళ్ళు మనుషులు కారు, ఏదో యంత్రం ఆడుతోంది అని అన్ని ఇళ్ళకీ తాళం వేశారు. వాడి ఇంటికి కూడా. వాడు రాసుకుంటే జవాబు మర్యాదగానే ఇచ్చారు. ఆ పద్దెనిమిదిమందీ నిజంగా ఉంటే, పది రోజుల్లోగా ఎవరి ఫోను నుంచి వాళ్ళు ఒక్కసారి వచ్చి దీపం వెలిగిస్తే చాలు, సగంమంది వచ్చినా తాళాలు తీస్తాం అన్నారు. వాడు ఊళ్ళో అందరికీ చెప్పి, బస్సెక్కి బుచ్చికి వచ్చాడు. నా ఫోనులో ఆట ఎక్కించాడు. కాఫీ కూడా తాగకుండా నిలబడే చెప్పాడు.

“ఏం చెయ్యబన్లేదక్కా. ఇది నొక్కు, దీపం మీద ఏలు పెట్టు, అంతే. ఊళ్ళోవాళ్ళు మర్చిపోతారని నాకు తెలుసు. నువ్వు మర్చిపోవు గదా?”

మర్చిపోనురా అన్నాను. ఇప్పుడు పనిలో ఉన్నాను, రేపు తీరిగ్గా నొక్కుతాలే అన్నాను. మర్నాటి నుంచి నెల్లూరులో పదో తరగతి పేపర్ల మూల్యాంకనం. పొద్దున గేటు దగ్గర ఫోన్లు తీసుకునేవాళ్ళు. ఇదే కారణమని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కానీ సాయంత్రం ఫోను తిరిగి ఇచ్చేవాళ్ళు. బుచ్చి బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను రోజూ ఫోను చూశాను. ఎవరిదో పెళ్ళి ఫొటోలు చూశాను, వంకాయ కారం ఎలా చెయ్యాలో చూశాను. గుర్తొచ్చేసరికి పన్నెండో రోజు. గబగబా నొక్కాను. బూడిదరంగు తెర మీద గడువు దాటిందని వచ్చింది. ఊళ్ళో పదహారుమందిలో ఇద్దరు వెలిగించారని తర్వాత తెలిసింది. వాళ్ళలో ఒకరు పాస్టరు గారు. మూడు నెలల గడువు తీరగానే దీవినే మూసేశారు.

వాడు కంప్యూటర్ల మీది చీటీలు తడిపి, గోటితో గీకి తీసేశాడు. ఏడాది తిరిగేసరికి షాపు కూడా తీసేసి, రేవు దారిలో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తాగా చేరాడు. పని చేస్తాడు, తింటాడు, ఆదివారం గుడికి వస్తాడు. ఏ కూర బాగుందిరా అంటే ఏదైనా ఒకటే అంటాడు. ఒకప్పుడు బస్సంతా తిరిగి గెణుసుగడ్డలు పంచినవాడు ఇప్పుడు ఎవరికీ ఏదీ బాగుందని చెప్పడు. అమ్మ పోయే ముందు ఆ మాటే అంది, వాణ్ణి మళ్ళీ ఏదన్నా బాగుందనమనవే అని. నేను అనిపించలేకపోయాను. మనిషి చచ్చిపోతే ఏడవడానికి ఒక రోజంటూ ఉంటుంది. మనిషి ఉండగానే ఆరిపోతే ఏ రోజు ఏడవాలో తెలియదు.

నేను పోయిన ఏడు రిటైరయ్యాను. ఆ లింకు వచ్చిన మర్నాడే బస్సెక్కి కాటా దగ్గరికి వెళ్ళాను. చిన్న గది, అద్దాల కిటికీ, బయట వరసగా లారీలు. ఫోను వాడి చేతికిచ్చాను. ఆ రెండు వాక్యాలూ చదివి, “బాగానే రాసినాడు” అని తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు చెప్పాను, ఇన్నేళ్ళు చెప్పనిది. ఆ పది రోజులూ ఫోను నా దగ్గరే ఉందని, బస్సులో పెళ్ళి ఫొటోలు చూశానని.

“తెలుసులే అక్కా” అన్నాడు. “దీవిలో నీ ఇంట్లోకి ఎప్పుడన్నా పొయినావా? లోపలికి?” అని అడిగాడు.

లేదన్నాను.

“సముద్రం వైపు తిప్పి కట్టినా. కిటికీ కాడ కుర్చీ ఏసినా. ఇప్పుడు నీకు తీరదు గదా, రిటైరైనాక వచ్చి కూర్చుంటావులే అనుకున్నా.”

లారీ కాటా ఎక్కింది. వాడు అటు తిరిగి నంబరు రాసుకున్నాడు. నేను ఎండలో బస్సు కోసం నిలబడ్డాను. ఇప్పుడు నాకు పొద్దున లేస్తే సాయంత్రం దాకా తీరికే. పోగొట్టుకున్న కాలం తిరిగి రాదంటారు. నాకు మాత్రం కాలం బోలెడు తిరిగొచ్చింది, కూర్చోవడానికి ఆ కుర్చీయే లేదు.